తెంపని మొలతాడు

మట్టి తవ్వి చరిత్ర తీస్తామనే పెద్దమనుషులారా, మిమ్మల్ని దొంగలనడానికి నోరు రావడం లేదు. దొంగ మీకంటే నయం. ఏ ఇంట్లో దూరాడో, ఎవరి సొమ్ము ఎత్తాడో వాడికి తెలుసు. మీకు అదీ తెలియదు. మేకులు పాతి, దారం కట్టి, చదరాలు గీసేస్తే చాలు, ఆ నేల మీ తాతలదైపోతుంది. దాని కింద ఉన్నవాళ్లు మీరేం చెబితే అదైపోతారు. అడ్డం చెప్పడానికి చచ్చినవాళ్లకు నోరుండదు, వాళ్ల తరఫువాళ్లకు ఇంగ్లీషుండదు. అదీ మీ ధైర్యం. డెబ్భై ఎనిమిది జనవరిలో సువర్ణరేఖ ఒడ్డున మీరు చేసిన పని ఎవరూ చూడలేదనుకున్నారు. దాలమ్మ చూసింది.

దాలమ్మ టెల్కో ఫ్యాక్టరీ ఊళ్లో, కూలికి వచ్చిన తెలుగువాళ్ల మాంగో బస్తీ పిల్ల. యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాస్త్రం ఎమ్మే ఆఖరి ఏడు. బస్తీలో చదువుకున్న ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. ఒకత్తె నర్సు, ఒకత్తె టెల్కో కాలనీలో టీచరు. పాత కుండపెంకుల చదువు మాత్రం ఈమె ఒక్కర్తిదే.

"కుండపెంకులకి ఎమ్మే ఏటే దాలీ? మా ఇంటికి రా. అత్తా కోడలూ కలిసి రోజుకోటి పగలగొడతన్నాం," అని పక్కింటి సన్యాసమ్మ నవ్వేది.

ఆ నవ్వులో కలిసి నవ్వొచ్చు. క్లాసులో నవ్వు వేరు. దాలమ్మ అన్న పేరు అక్కడ ఎవరి నోటా తిరగలేదు. ఊరికి ఉత్తరాన ఆకాశానికి ఆనుకుని కనబడే ఏనుగుల కొండ దాల్మా కాబట్టి ఆమె కూడా దాల్మా అయిపోయింది. హాజరు పట్టీలో సైతం దాల్మా కుమారి. "దాల్మా, నీ మీద ఏనుగులు బాగున్నాయా? ఈ ఏడు పిల్లలు పెట్టాయా?" అని క్లాస్‌మేటు త్రిభువన్ హిందీలో అడిగేవాడు. మొదటి ఏడు ఆమె కూడా నవ్వింది. రెండో ఏడు ఊరుకుంది. ఊరుకోవడం అలవాటైతే మనిషి చుట్టూ ఒక గది కట్టినట్టవుతుంది. లోపలికి ఎవరూ రారు, తను బయటికి పోలేదు.

మాంగో దాటి నది వెంట పోతే ఒక ఎర్రదిబ్బ వస్తుంది. అక్కడ ఆ శీతాకాలం డిపార్ట్‌మెంటు తవ్వకం పెట్టింది. నడిపించేది ప్రొఫెసర్ అఖౌరీ. మంకీ టోపీ, మోచేతుల దగ్గర తోలు కుట్టిన స్వెట్టరు, నోట్లో ఎప్పుడూ లవంగం. కోపిష్ఠి కాదు. పిల్లలకు తన డబ్బుతో టీ పోయించేవాడు. పదేళ్లుగా ఆ నది పొడవునా పురాతన రాగి యుగం మనుషుల కోసం వెతుకుతున్నాడు. ఇంతవరకూ దొరికింది పెంకులు, బొగ్గు, మేకల పళ్లు.

విద్యార్థికి ఒక్కో చదరం. దాలమ్మది నదివైపు చివరిది. పైన జానెడు మందాన ఇటుక పొడి పొర. ఎప్పుడో మూతపడిన ఇటుక బట్టీ తాలూకు చెత్త అని అఖౌరీ మొదటిరోజే పారతో తీయించేశాడు. "మనవాళ్లు దీని కింద ఉన్నారు," అన్నాడు. పార అయ్యాక తాపీ, తాపీ అయ్యాక కుంచె. దాలమ్మ చెయ్యి మంచిది. తాపీ మొనను బల్లపరుపుగా పట్టి, మట్టిని గుచ్చకుండా గీసుకుంటూ పోయేది. మిగిలినవాళ్లు ఎండలో కూర్చుని పాటలు వింటుంటే ఆమె చదరం వెంట్రుకవాసి వెంట్రుకవాసి దిగేది.

మధ్యాహ్నం అందరూ చెట్టు కింద గుండ్రంగా కూర్చుని పరాఠాలు పంచుకునేవాళ్లు. దాలమ్మ డబ్బాలో చద్దన్నం, కాల్చిన ఎండుచేప. మొదటిరోజు మూత తీయగానే త్రిభువన్ ముక్కు మూసుకుని, "ఇది మాత్రం కచ్చితంగా రాతియుగం నాటిదే, సార్‌కి చూపిద్దాం," అన్నాడు. అందరూ విరగబడ్డారు. రెండోరోజు నుంచి ఆమె డబ్బా తీసుకుని నీళ్ల అంచుకు పోయి, నదికేసి చూస్తూ తినేది. అవతల ఫ్యాక్టరీ పొగ. ఇవతల తను.

సోమవారం మధ్యాహ్నం అక్కణ్నుంచి వచ్చి చదరంలోకి దిగాక, తాపీ కింద మట్టి చప్పుడు మారింది.

కుంచెతో తుడిచింది. మూకుడు బోర్లించి ఉంది. దాని కింద కుండ మూతి. మూకుడు ఎత్తితే కుండలో సన్నటి మట్టి. వెదురు పుల్లతో దాన్ని కొంచెం కొంచెంగా తోడింది. ముందు చిన్న పుర్రె పగుళ్లు, దోసగింజలంత పళ్లు, పక్కకి ముడుచుకున్న కాళ్ల ఎముకలు. తరువాత నడుము దగ్గర బియ్యపు గింజల్లా వేళ్ల ఎముకలు, ఆ గింజల నడుమ ఒక ఆకుపచ్చ వలయం.

"సార్!"

అఖౌరీ చదరంలోకి దూకాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పిల్లాడిలా దూకాడు. మోకాళ్ల మీద కూర్చుని, లవంగం ఉమ్మేసి, వలయాన్ని చేత్తో ముట్టకుండా చాలాసేపు చూశాడు.

"రాగి. రాగి వలయం. బిడ్డ చేతిలో పెట్టి పంపారు, చూశావా? పరలోకానికి కానుక. కుండ అంటే ఏమిటనుకున్నావు? తల్లి కడుపు. బిడ్డను మళ్లీ కడుపులో పెట్టి భూమికి అప్పగించారు. మూడువేల ఏళ్ల కింద ఎంత ఆలోచన!" అతని కళ్లలో నీళ్లు. దొంగ నీళ్లు కావు.

సాయంత్రానికి ఆ చదరంలోనే ఇంకో మూడు కుండలు తేలాయి. అన్నిటిలోనూ చిన్నవాళ్లే.

కొలతలు రాసే ముందు దాలమ్మ చదరం గోడను తాపీతో నున్నగా గీసింది. కుండ చుట్టూ మట్టి కాస్త నల్లగా, వదులుగా ఉంది. ఆ నలుపు అంచు కుండ పక్కనుంచి పైకి పాకి, ఇటుక పొడి పొరలో కలిసిపోయింది. పైనుంచి గొయ్యి తీసి కుండ దింపితే అంచు అలాగే ఉంటుంది. అంటే బట్టీ వచ్చాకే ఈ గోతులు తీశారన్నమాట. క్లాసులో అఖౌరీ చెప్పిన పాఠమే.

"సార్, ఈ అంచు ఇటుక పొర దాకా..."

"చెట్టు వేరు పోయిన దారి," అన్నాడాయన, చూడకుండానే. "చీటీ రాయి. నీ దస్తూరీ బాగుంటుంది. రాగి వలయం, మృతుడికి అర్పణ."

దాలమ్మ రాసింది. ఇంతకు ముందు ఆమె దస్తూరీ బాగుందని అక్కడ ఎవరూ అనలేదు మరి.

"శుక్రవారం పట్నా నుంచి పెద్దవాళ్లు, పత్రికలవాళ్లు వస్తారు. ఫోటోలో నువ్వు కుండ పక్కన కూర్చోవాలి. పరీక్షలయ్యాక నా దగ్గరే రీసెర్చిలో చేరు. స్కాలర్‌షిప్ సంగతి నేను చూస్తాను. డిపార్ట్‌మెంటులో కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉంది, అది నీది."

బల్ల! ఇంట్లో ఆమె చదువంతా రేకుపెట్టె మీదే. ఎవరికి బట్టలు కావలసినా పుస్తకాలు దించి పెట్టె తెరవాలి. ఆ సాయంత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి దాలమ్మ ఆ బల్లనే చూసుకుంది. దాని మీద కుండపెంకులు, పక్కన కిటికీ, కిటికీలోంచి ఎండ. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని, ఆమెను సరైన పేరుతో పిలిచి, మాట్లాడుతున్నట్టు.

ఇంటి గుమ్మంలో తల్లి సింహాచలమ్మ ఎండుచేపల తలలు తుంపుతోంది.

"ఏటే, మొకం ఎలిగిపోతన్నాది?"

"గుంటలో గుంట దొరికిందే అమ్మా!"

"ఏ గుంట? ఎవల గుంట తప్పిపోనాది?" సింహాచలమ్మ కంగారుగా లేచింది. వాళ్ల మాటలో గుంట అంటే గొయ్యి, గుంట అంటే చిన్నపిల్ల కూడాను.

"తప్పిపోడం కాదే. మా తవ్వకం గుంటలో. కుండలో పెట్టి కప్పెట్టిన సిన్న గుంటడి ఎముకలు. మూడువేల ఏళ్ల కిందటోడు."

సింహాచలమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"గుమ్మం తొక్కకు. అక్కడే ఉండు."

బొగ్గుల పొయ్యి మీద కాగుతున్న నీళ్లు తెచ్చి, కూతురి తల మీంచి చీరతో సహా పోసింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్లకు పోసినట్టు. జనవరి చలికి దాలమ్మ వణికిపోయింది.

"ఎక్కడన్నావు ఆ సోటు?"

"ఎర్రదిబ్బ. ఏటి ఒడ్డు."

తల్లి మిగిలిన చేపలు తీసి లోపల పెట్టేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపులో బాగోలేదంది.

మంగళవారమంతా దాలమ్మ కుండల బొమ్మలు గీసింది. చెయ్యి గీతలు గీస్తోంది, కన్ను మాటిమాటికీ ఆ నల్లటి అంచు మీదికి పోతోంది. వేరు పోయిన దారైతే మొదలు ఒకచోట ఉండాలి కదా, నాలుగు కుండలకు నాలుగు వేర్లా? బొటనవేలితో ఆ అంచును నొక్కి చూసింది, తల తిప్పుకుంది. త్రిభువన్ పై నుంచి వంగి, "దాల్మా, ఫోటోకి కొత్త చీర ఉందా? లేకపోతే మా చెల్లిది తెస్తా," అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. రెండేళ్లలో అతను ఆమెతో మనిషిలా మాట్లాడిన మొదటి మాట అది. ఆ మాటకు ఆమె కరిగిపోయింది. ఇంత చిన్నమాటకు కరిగిపోయేంత ఎండిపోయానా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం ఉదయం. వదిన కుళాయి దగ్గర ఉంది. అన్న పోలరాజు కొడుకు, ఇంకా నడక రానివాడు, వాకిట్లో మట్టి పూసుకుని కూర్చున్నాడు. దాలమ్మ వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. వీపు రుద్ది, నడుము దగ్గరికి వచ్చేసరికి వేళ్లకు మొలతాడు తగిలింది. నల్లటి మొలతాడు, దానికో చిల్లుకాణీ. తెల్లవాళ్ల నాటి, మధ్యలో పెద్ద బొక్క ఉన్న పైస. పోలరాజు నడుముకీ అదే ఉండేది. సింహాచలమ్మ దాచి మనవడికి కట్టింది.

నీళ్లు పోయడం ఆగిపోయింది. పిల్లాడు కాణీని గుప్పిట్లో పట్టుకుని నోటికి లాక్కుంటున్నాడు. మొలతాడు పొట్టి, నోటిదాకా రాదు. అయినా లాగుతూనే ఉన్నాడు. దాలమ్మ వాడి పిడికిలి విప్పింది. అరిగిపోయిన అంచు మీద బొటనవేలు రాసింది. వెడల్పు, మందం, మధ్య బొక్క. మొన్న పుల్లతో పైకెత్తి పళ్లెంలో పెట్టింది ఇదే. ఇదే.

"అమ్మా."

పొయ్యి దగ్గర కూర్చున్న సింహాచలమ్మ కూతురి మొహం చూసింది, పిల్లాడి నడుము చూసింది. అడగనక్కర లేకపోయింది.

"కాణీ ఉన్నోడైతే అప్పన్నే," అంది. "రావులమ్మ కొడుకు. అప్పుటికి పది నెల్లోడు."

పోలరాజు డ్యూటీ బూట్లకు తాడు కట్టుకుంటున్నాడు. చెయ్యి ఆపి వింటున్నాడు.

"యుద్ధం రోజులే. మేం ఇచ్చాపురం నుంచి వచ్చిన ఏడాది, మీ అయ్యా నానూ ఆ బట్టీలోనే ఇటికిలు మోసీవోళ్లం. బియ్యం మిలట్రీకి ఎలిపోయీవి. గుంటలకి నూకలు కాసి పోస్తే బేదులు. సూస్తండగానే వాలిపోయీవోరు. తల్లి సాగనంపకూడదు. మగోళ్లు బట్టీ దిగితే సేటు మరి ఎక్కనిచ్చీవోడు కాదు. నాకప్పుటికి గుంటల్లేరు, సేతులు కాళీ. 'సింహాసెలం, నువ్వెల్లే' అని నా ఒళ్లో ఎట్టీవోరు."

"కుండలో ఎందుకమ్మా?" దాలమ్మ పిల్లాణ్ని తువ్వాల్లో చుడుతూ అడిగింది.

"నక్కలే. ఏటి ఒడ్డు నిండా నక్కలు. ఉత్తి మట్టిలో ఎడితే తెల్లారేసరికి ఉండవు. కుమ్మరోడు సొట్టపోయిన కుండలు ఒగ్గీసీవోడు. దాన్లో ఎట్టి, మూకుడు మూసీసి, గుండె రాయి సేసుకుని వచ్చీసీదాన్ని."

తల్లి కడుపూ లేదు, పరలోకమూ లేదు. నక్కలు.

"మరి మొలతాడు తెంపీసి పెట్టాల కదే. ఆచారం."

"అందరికీ తెంపినాను. ఆడికి తెంపనేదు. బట్టీ కాడ దసరాకి పంచిన కొత్త కాణీ, తళతళ్లాడీది. ఆడు దాన్నట్టుకునే పోనాడు. ఆ పిడికిలి ఇప్పడానికి నా సెయ్యి రానేదు. ఆడిది ఆడికే ఉంచీసినాను." సింహాచలమ్మ పొయ్యిలో బొగ్గు సర్దింది. "సూరీడు, దాసు, మరిడి, పైడమ్మ గుంట, అప్పన్న... కొందరికి ఇంకా పేరే ఎట్టనేదు. ఆల్లనేటని సెప్పను?"

పోలరాజు లేచాడు. తల్లికి హిందీలోనే జవాబు చెప్పడం అతని అలవాటు. "ఛోడో మా, పురానీ బాత్," పాత సంగతి వదిలెయ్యమని, చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చుప్ రహ్. నౌకరీ వచ్చేటప్పుడు నోరు తెరుస్తారా ఎవరైనా? చచ్చినోళ్లు మళ్లీ చస్తారా?" టెల్కో షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. వెళ్లిపోయాడు.

అతను అన్నది తప్పని ఎవరంటారు? నోరు మూసుకుంటే బల్ల, కిటికీ, స్కాలర్‌షిప్. పిల్లలకు కూడా అన్యాయమేం లేదు. దూది, అద్దాల పెట్టె, మ్యూజియం. బతికుండగా ఏ ఒక్కడికీ దూది పరుపు దొరకలేదు. దాలమ్మ బస్సులో కూర్చుని ఈ లెక్కంతా వేసుకుంది. దిగేసరికి లెక్క తేలలేదు గానీ కాళ్లు మాత్రం తిన్నగా అఖౌరీ గుడారానికి నడిచాయి. తన పేరే మార్చేసినవాళ్ల మధ్య రెండేళ్లున్న మనిషి ఆమె. అప్పన్నను మూడువేల ఏళ్ల కిందటి అనామకుణ్ని చేసి అద్దాల్లో పెడితే, ఆ అద్దం ముందు రోజూ బల్ల వేసుకుని కూర్చోవడం తనవల్ల కాదు.

"సార్, అది వలయం కాదు. పైస."

అఖౌరీ నవ్వాడు. నవ్వుతూనే వలయాన్ని సీసామూతలో పెట్టి నాలుగు చుక్కల యాసిడ్ వేశాడు, పాత పళ్ల బ్రష్షుతో తోమాడు. పచ్చని నురగ పోయింది. ఒక కిరీటం. దాని కింద నాలుగు, పక్కన మూడు. పందొమ్మిది వందల నలభై మూడు.

దాలమ్మ తిట్లకు సిద్ధపడి నిలబడింది. తల్లి చెప్పినదంతా హిందీలో చెప్పింది. బట్టీ, బేదులు, నక్కలు, అప్పన్న. గోడ మీది నల్ల అంచు వేరు దారి కాదనీ చెప్పింది.

ఆయన తిట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. తరువాత లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు నా పరువు కాపాడావు దాల్మా. శుక్రవారం వాళ్లందరి ముందు ఇది బయటపడి ఉంటే! ఇంత నిజాయితీ, ఇంత చూపు ఉన్న స్టూడెంటు నాకు దొరకలేదు. ఆ బల్ల నీదే, ఇక అందులో మాట లేదు."

దాలమ్మకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. నిజం చెప్పినా బల్ల పోలేదు! ఆమె కళ్లు తుడుచుకునేలోపు అఖౌరీ గుడారం బయటికి తల పెట్టి కూలీలను పిలిచాడు.

"చివరి చదరం ఖాళీ చేసేయండి. కుండలు, ఎముకలు, అన్నీ. దిబ్బ మీద పారబోయండి. సాయంత్రానికి ఇంకో మూరెడు దిగాలి."

"సార్? పారబోయడమేమిటి సార్?"

"మరేం చేస్తాం?" ఆయన ముఖంలో కోపం లేదు, కపటం లేదు. నిజంగానే అర్థం కానివాడి ముఖం. "నూరేళ్లు దాటితేనే పురావస్తువు. అది చట్టం. వీటికి నూరేళ్లు నిండలేదు."

"నిండీసినాయి సార్," అంది దాలమ్మ. తెలుగులో అంది. "పది నెల్లకే నిండీసినాయి."

ఆయనకు అర్థం కాలేదు. "క్యా?" అన్నాడు. ఆమె అప్పటికే పరుగెత్తుతోంది.

చదరం దగ్గరికి పోయేసరికి అప్పటికే పార దిగిపోయింది. నిన్నటిదాకా ఊపిరి తగిలితే చెదిరిపోతాయేమోనని మొహానికి గుడ్డ కట్టుకుని తుడిచిన ఎముకలు. దూది తెచ్చి పెట్టుకున్న ఎముకలు. రెండు గంపలు. కూలీలు తవ్విన మట్టి దిబ్బ మీదికెక్కి గంపలు బోర్లించారు. మూకుడు ముక్కలు దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగాయి. నిజం చెప్పకపోతే ఇవి దూదిలో ఉండేవి. నిజం చెప్పి తనే పారబోయించింది.

మూడు కర్రల మీద వేలాడే పెద్ద జల్లెడ ఒకటి ఉంది, మట్టి జల్లించి పూసలు ఏరేది. దాలమ్మ దాన్ని విప్పి, భుజాన వేసుకుని, దిబ్బ మీదికి ఎక్కించింది. కర్రలు పాతి కట్టింది. దోసిలితో మట్టి ఎత్తి జల్లెడలో వేసి ఊపడం మొదలెట్టింది. సన్నమట్టి రాలిపోతుంది. రాళ్లు, ఇటుక ముక్కలు మిగులుతాయి. వాటిలో తెల్లనివి ఏరి పమిటచెంగులో వేసుకుంటుంది. మళ్లీ దోసిలి.

త్రిభువన్ వచ్చి కింద నిలబడ్డాడు. "సార్ పిలుస్తున్నారు. కొత్త చదరం నీకే ఇస్తారట," అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. అతను వెళ్లిపోయాడు. అవతల చదరాల్లో పాటలు, నవ్వులు. దిబ్బ మీద జల్లెడ చప్పుడు. గురువారమంతా అంతే. టీ వచ్చింది, ఎవరో దిబ్బ మొదట్లో గ్లాసు పెట్టి పోయారు. అది చల్లారి మీద దుమ్ము పడింది. సాయంత్రం చెంగులో మూట కట్టినవి ఇంటికి తేలేక, అక్కడ వదల్లేక, జల్లెడ కింద గొయ్యి తీసి దాచి వచ్చింది. ఇంట్లో చెబితే సింహాచలమ్మ ఒకటే మాటంది. "మరింక నాను ఆ మట్టి మీన కాలెట్టను. నన్నడక్కు."

శుక్రవారం ఎండ ఎక్కాక జీపులు వచ్చాయి. అఖౌరీ కోటు వేసుకున్నాడు. చూపించడానికి కుండలు లేవు కాబట్టి పెంకులు వరసగా పేర్చించాడు. దాలమ్మ జల్లెడ ఊపుతూనే ఉంది. చేతులు పగిలి మట్టిలో ఎర్రగా అంటుతున్నాయి. తల ఎత్తేసరికి గట్టు మీద ఒక మనిషి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఉంది.

సింహాచలమ్మ దిబ్బ ఎక్కి వచ్చింది. అడుగు అడుగుకీ ఆగుతూ వచ్చింది. చెప్పులు పక్కన పెట్టి, కూతురికి ఎదురుగా కూర్చుని, కొంగు పరిచింది.

"ఇలాగ్గెయ్యి."

"ఏది ఎవలిదో తెలదే అమ్మా. అన్నీ కలిసిపోనాయి. నావల్లే."

"ఎవలిదైతే ఏటి. అందరూ నా ఒళ్లోంచే ఎల్లినారు."

దాలమ్మ గొయ్యిలో దాచినవి తీసి కొంగులో పోసింది. పిడికెడు కంటే ఎక్కువ లేవు. తల్లి వాటిని పట్టుకున్న తీరు చూస్తే, బరువు మోయలేక పోతున్నట్టుంది.

అఖౌరీ అతిథులతో అటుగా వచ్చాడు. "మా బెస్ట్ స్టూడెంట్," అన్నాడు. "దాల్మా, కిందికి రా, ఫోటో." కెమెరా అతను కన్ను చికిలించి పైకి చూశాడు. అందరూ చూశారు.

దాలమ్మ దిగలేదు. లేచి నిలబడింది. రెండేళ్లలో మొదటిసారి నలుగురికీ వినబడేలా, తడబడకుండా, హిందీలో మాట్లాడింది. "నా పేరు దాలమ్మ. ఇది మా అమ్మ, సింహాచలమ్మ. ఈ కొంగులో, ఈ నేలలో ఉన్నది అప్పన్న, దాసు, సూరీడు, మరిడి, పైడమ్మ కూతురు, ఇంకా పేరు పెట్టకముందే పోయినవాళ్లు. ఇటుక బట్టీ కూలీల పిల్లలు. మీ చదరం కింద ఇంకా ఉన్నారు. పార ఆపండి."

ఎవరో దగ్గారు. అతిథుల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు. అఖౌరీ చిన్నగా నవ్వి, "కాస్త సున్నితమైన పిల్ల," అని వాళ్లను పెంకుల వైపు తీసుకుపోయాడు. ఫోటో తీశారు. ఆ ఫోటోలో పెంకుల పక్కన త్రిభువన్ ఉన్నాడు. కిటికీ పక్క బల్ల కూడా తరువాత అతనికే పోయింది. పార ఆగలేదు.

తల్లీ కూతుళ్లు ఆ సాయంత్రం నీళ్ల అంచుకు ఎగువన, ఎవరూ దారం కట్టని చోట, చేతులతో గొయ్యి తీసి కొంగులోవి దింపారు. నక్కలు ఇప్పుడు లేవు. అయినా సింహాచలమ్మ మీద ఇటుక ముక్కలు పేర్చింది. ఆ మట్టి దిబ్బలో, ఆ ఎర్రనేలలో మిగిలినవాళ్లు మిగిలే ఉన్నారు.

కాబట్టి వినండి. జాలి అక్కర్లేదు, సంతాప సభ అక్కర్లేదు. ఆ దిబ్బ మీద పార ఈ పూటే ఆపండి. పారబోసిన మట్టంతా జల్లించండి, మీ చేతులతో, మీ ప్రొఫెసర్ల చేతులతో, చివరి వేలి ఎముక దొరికేదాకా. దొరికినవాళ్లను ఆ నదివైపే పూడ్చి, చుట్టూ గోడ కట్టండి. దాని మీద పేర్లు చెక్కండి, పేరు పెట్టనివాళ్లకు తల్లి పేరు చెక్కండి. మీ తవ్వకం రిపోర్టులో మొదటి పేజీ నలభై మూడో సంవత్సరానికి ఇవ్వండి: ఆ ఏడు బియ్యం ఎటు పోయిందో, ఇక్కడ ఎవరు చచ్చారో రాయండి. పేర్లు తెలిసిన మనిషి మాంగోలో ఉంది. వయసు మీద పడుతోంది, ఒక్కో పేరు మరిచిపోతోంది. రేపు కాదు. కాగితం, కలం పట్టుకుని ఇవాళే ఆమె గుమ్మం ముందు కూర్చోండి.